కుప్పంలో కుడిపైట గెయిషా

ఇంటికొచ్చి సంచి దించానో లేదో ఎదురింటావిడ అడిగింది, "కొండ మీద జనం ఎలా ఉన్నారండీ?" అని. చిత్తూరు వైపు వెళ్ళిన మనిషి తిరుమల ఎక్కకుండా వచ్చిందంటే మా తెనాలిలో ఎవరూ నమ్మరు. నేను ఎక్కలేదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం చూసి వచ్చాను. వెళ్ళింది జపాను ఆటగత్తెల పని మీద అని చెబితే ఆవిడకు మతిపోతుందని ఊరుకున్నాను. మీకు మాత్రం చెబుతాను. గండం గడిచింది కాబట్టి ఇప్పుడు తీరిగ్గా చెప్పొచ్చు.

బడిలో తెలుగు చెప్పి రిటైరైనదాన్ని. నాకున్న వ్యసనం ఒక్కటే, పాతకాలపు జపానులో గెయిషాల గురించీ, వేశ్యల గురించీ వచ్చిన నవలలు. ఎక్కడ దొరికినా వదలను. ఇద్దరూ ఒకటే అనుకుంటారు చాలామంది. కాదు. గెయిషా పాడుతుంది, ఆడుతుంది, వచ్చినవాళ్ళతో సరసంగా మాట్లాడుతుంది, నడుంపట్టీ వీపు వైపు కట్టుకుంటుంది. వేశ్య ఆ పట్టీని ముందుకు కట్టుకుంటుంది. ఏ నవల తెరిచినా మొదలు ఒకటే: కొండల్లోనో సముద్రం ఒడ్డునో ఒక బీద ఇల్లు, ఒక కరువు, ఒక ఆడపిల్ల. తండ్రి ఆ పిల్లను పట్నంలో అమ్మేస్తాడు. కొత్త ఇంట్లో కొత్త పేరు పెడతారు. అక్కడి పెద్దావిడను "అమ్మా" అని పిలవమంటారు.

కుప్పంలో ఒక ఆడపిల్లల కాలేజీలో మా చెల్లెలి కూతురు సుజాత లెక్చరర్. వార్షికోత్సవానికి నాటకం కావాలంటే, ఆ నవలల వాసనతో నేనే ఒక కథ అల్లి ఇచ్చాను. హనా అనే పిల్ల కొండ ఊరి నుంచి గెయిషా ఇంటికి వచ్చి, పేరు తెచ్చుకుని, చివరికి ముసలిదై ఒక వంతెన మీద కూచుని తన ఊరివాళ్ళ కోసం చూడటంతో అయిపోతుంది. బాగానే ఉంది. హనా వేషం శిరీష అనే డిగ్రీ రెండో ఏడు పిల్లకిచ్చారు. అక్కడ వచ్చింది తంటా.

"వాళ్ళ నాన్న కథేమిటో విన్నాడు పెద్దమ్మా," అంది సుజాత ఫోనులో. "సాని వేషం వేయించే చదువు మాకొద్దు, పిల్లను తీసుకుపోతానంటున్నాడు. తీసుకుపోతే మళ్ళీ పంపడు. రాసింది నువ్వు, నువ్వే వచ్చి చెప్పు."

అడుసు తొక్కింది నేను కాబట్టి కాలు కడుక్కోవలసిందీ నేనే. బయలుదేరాను.

మదనపల్లె

తెల్లారేసరికి మదనపల్లెలో దిగాను. మా వైపు ఉక్కకు అలవాటుపడ్డ ఒళ్ళు ఒక్కసారి చలికి ముడుచుకుపోయింది. శాలువా తెచ్చుకోమని సుజాత చెప్పింది, నేను వినలేదు. టమాటా మార్కెట్టు పక్కనే టీ కొట్టు. అటు లారీలు, ఇటు ఎర్రటి పెట్టెల గుట్టలు, మధ్యలో వేలం పాటల అరుపులు. టీ పది రూపాయలు. గ్లాసు మాత్రం మా తెనాలి గ్లాసులో సగం.

"ఈ పొద్దు రేటెంత?" అని పక్కనున్న రైతుతో మాట కలిపాను.

"అడగొద్దులేమ్మా," అన్నాడు. "పోయిన నెల మా టమాటాకు కాపలా పెట్టినాం. ఈ నెల ఆవులు గూడా తింటా లేవు." ఆ మాట అంటూ నవ్వాడు కూడాను. మా డెల్టా రైతు అయితే ప్రభుత్వాన్ని తిట్టకుండా ఆ వాక్యం ముగించడు.

నా పని నేతగాళ్ళ వీధిలో. గెయిషాలు వేసుకునే కిమోనోలకు పట్టు కావాలి, కొత్తది కొనే స్తోమత కాలేజీకి లేదు. నేతలో తప్పు పడిన చీరలు చవగ్గా ఇస్తారని విని ఒక ఇంటికి వెళ్ళాను. మగ్గం దగ్గర నుంచి లేచి వచ్చిన ఇల్లాలు చీరలు పరిచి, ఎవరి పెళ్ళికని అడిగింది. జపాను వేషాలకన్నాను.

"ఆడోళ్ళు గూడా పట్టే కడతారామ్మా ఆ దేశంలో?"

"కడతారు. ఒకదాని మీద ఒకటి వేసుకుంటారు."

"ఒకదాని మీద ఒకటా," అని ఆమె కాసేపు ఆలోచించింది. "ఉతికేది ఎవురో పాపం." నేను చదివిన నవలల్లో ఏ రచయితకూ రాని అనుమానం అది. గచ్చకాయ రంగువీ, ముదురు నీలంవీ ఏరుకున్నాను. అన్నీ కలిపి మా ఊళ్ళో ఒక్క మంచి చీర ఖరీదు కూడా కాలేదు.

బస్టాండుకు షేరాటో ఎక్కాను. చీరల మూట కాళ్ళ దగ్గర పెట్టుకున్నాను. నా పక్కనాయన టమాటాల సంచీ దాని మీద పెట్టి, ఫోనులో ఎవరితోనో దెబ్బలాడుతూ, సంచి మీద మోచెయ్యి ఆనించాడు. బస్టాండులో దిగి చూసుకుంటే నీలం చీర అంచంతా ఎర్రటి చారలు. కుళాయి కింద కడుగుతూ ఆయన్ని తిట్టాను, నన్ను నేను తిట్టుకున్నాను. చన్నీళ్ళకే మరక పోయింది. ప్రాణం లేచొచ్చింది.

పుంగనూరు

పుంగనూరు అనగానే అందరూ పొట్టి ఆవుల సంగతి అడుగుతారు. చూశాను. నడుము దాకా కూడా రావు. ఒకటి నా సంచి వాసన చూసి, టమాటా పనికిరాదని తేల్చుకుని వెళ్ళిపోయింది.

శిరీష వాళ్ళ పల్లె ఊరికి కాస్త దూరం. అన్నీ బండలూ, సీతాఫలం పొదలూ. వాళ్ళ నాన్న నారాయణప్పకు గొర్రెల మంద ఉంది. నేను వెళ్ళేసరికి దొడ్డి ఊడుస్తున్నాడు. చీపురు పక్కన పెట్టి, చెయ్యి కడుక్కుని, మంచం వాల్చాడు.

"కూసోండమ్మా. తిన్నాక మాట్లాడదాం."

రాగిసంగటి ముద్ద, వేరుశనగ ఊరిబిండి పచ్చడి, పచ్చిపులుసు. మా వైపు సంగటి తెలియదు, నేను అన్నంలాగా నమలబోయాను. నారాయణప్ప తల్లి అక్కులమ్మ నవ్వింది. "నమలగూడదమ్మా, ముంచుకోని మింగల్ల," అంది. మింగాను. మూడో ముద్దకు బాగుందనిపించింది.

అక్కులమ్మ పైట చూసి నాకు వింతగా అనిపించింది. మనందరికీ ఎడమ భుజం మీద ఉండే పైట ఆమెకు కుడి భుజం మీద ఉంది. వీధిలో పోయే ముసలివాళ్ళకూ అంతే. ఆ గొర్రెల కాపరుల ఇళ్ళల్లో ఆడవాళ్ళు తరతరాలుగా కుడిపైటేనట. ఎవరు తమవాళ్ళో, ఎవరు కారో దూరం నుంచే పైటను బట్టి తెలుస్తుందట.

భోజనమయ్యాక నేను గెయిషాల గురించి ఉపన్యాసం మొదలుపెట్టాను. వాళ్ళు కళాకారులు, పదేళ్ళు నేర్చుకుంటే కానీ ఆట రాదు, అదీ ఇదీ. నారాయణప్ప ఓపిగ్గా విన్నాడు.

"అదంతా నాకు తెలీదమ్మా. మగోళ్ళ ముందర ఆడి పాడి బతికే మనిషి కథ. నా బిడ్డ యాల ఆడల్ల?"

గోడ మీద ఒక ఫోటో ఉంది. చీర కట్టుకుని, జుట్టు విరబోసుకుని ఉన్న ఒక ద్రౌపది. మొహం చూస్తే నారాయణప్పే. వాళ్ళ వైపు ఏడాదికోసారి ఊరంతా కూడి భారతం ఆడిస్తారు. పద్దెనిమిది రోజుల ఆట. ద్రౌపది వేషం ఇతనిదే.

"నువ్వు చీర కట్టి ఆడొచ్చు, నీ కూతురు ఆడకూడదా అప్పా?" అన్నాను. నా నోటికి బ్రేకులుండవు.

"ద్రౌపదమ్మ దేవత," అన్నాడు మెల్లగా. "మేము ఒక్కపొద్దులుండి కడతాం ఆ సీర."

పని చెడిపోయిందనే అనుకున్నాను. కానీ అక్కులమ్మ లేచి కొడుకు పక్కకు వచ్చి నిలబడింది. "కథ యట్లుండాదో సూడకుండా బిడ్డను తోడుకొని వస్తే, రేపు అది మనల్ని అడగదా? నేను పోయి సూస్తాలే."

చివరికి నారాయణప్ప తీర్పు ఇదీ. అవ్వ నాతో కుప్పం వస్తుంది. మనమరాలికి గుడ్డ ఆమే కడుతుంది, బయటివాళ్ళ చెయ్యి పడకూడదు. ఆట చూస్తుంది. ఆమెకు బాగుందనిపిస్తే పిల్ల చదువుకుంటుంది, లేదంటే మరునాడే అవ్వతో ఇంటికి వచ్చేస్తుంది.

"నువ్వూ రా అప్పా," అన్నాను.

"గొర్లను ఎవురు సూస్తారు? నేను రాను," అన్నాడు.

పలమనేరు మీదుగా

బస్సులో అక్కులమ్మ కిటికీ పక్క సీటు తీసుకుంది. ఆడవాళ్ళకు టికెట్టు ఉచితం కాబట్టి కండక్టరుకు ఆధారు కార్డు దర్జాగా చూపించింది. పలమనేరు దాటాక అడివి మొదలైంది. ఏనుగులు రోడ్డు మీదికి వస్తాయని వెనక సీటాయన భయపెట్టాడు. మాకు ఒక్కటీ కనబడలేదు, అవ్వకు అదొక నిరాశ.

"ఆ దేశంలో ఆ ఆడోళ్ళను ఊర్లో రానిస్తారా?" అని అడిగింది ఉన్నట్టుండి.

"వాళ్ళకు వేరే వీధులుంటాయి అవ్వా. కొన్ని వీధులకు గేటు కూడా పెట్టేవాళ్ళు, బయటికి పోకుండా."

అక్కులమ్మ కిటికీ నుంచి నా వైపు తిరిగింది. "మా జాతరకు ఒక మనిషి వస్తాండె, పాడేదానికి. దప్పిక అంటే మా అత్త సెంబు దూరంగా పెట్టి జరిగింది. పాటకు మాత్రం అందరికన్నా ముందర పోయి కూసునె." నవలల్లో మూడొందల పేజీలు పట్టిన సంగతి అది.

కుప్పం

కుప్పంలో ఒక వీధి చివరికి నడిచేలోపు మూడు భాషలు వినబడతాయి. హోటల్లో సర్వరు మా బల్ల దగ్గర తెలుగు, పక్క బల్ల దగ్గర తమిళం, వంటింట్లోకి కన్నడం మాట్లాడాడు. ఇడ్లీతో సాంబారు అడగకుండానే రెండోసారి పోశాడు. మా వైపు అల్లం పచ్చడి అడిగితే విచిత్రంగా చూశాడు.

శిరీష సన్నగా, పొడుగ్గా, కాస్త బెరుగ్గా ఉంది. అవ్వను చూడగానే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "నాయన రాలేదా?" అని ఒక్కటే అడిగింది. గొర్రెలున్నాయి కదా అన్నాను. తలూపి వెళ్ళిపోయింది.

ఆట రోజు మధ్యాహ్నం గ్రీన్‌రూములోకి వెళ్ళి చూశాను. పిల్లలందరికీ కిమోనోలు వేసి ఉన్నాయి. నేను తెచ్చిన చీరలతో టైలరు వాటిని ముందు వైపు తెరిచి ఉంచి కుట్టాడు. రెండు అంచులూ ఛాతీ మీద ఒకదానిపై ఒకటి తెచ్చి, నడుముకు పట్టీ బిగించాలి. అక్కులమ్మ తన మనమరాలికే కాదు, అందరికీ తనే కట్టింది. చక్కగా, మడత చెదరకుండా కట్టింది. కాకపోతే కుడి అంచు పైకొచ్చింది, కుడిపైట లాగా.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. జపానులో బతికున్న మనిషి ఎవరైనా ఎడమ అంచునే పైకి వేసుకుంటారు. కుడి అంచు పైకి వేసేది ఒక్క శవానికే. మనం తద్దినం రోజు జంధ్యం ఎలా తిప్పుతామో, వాళ్ళు చనిపోయినవాళ్ళకు బట్ట అలా తిప్పుతారు. నా గెయిషాలందరూ పాడె మీద పడుకోబెట్టడానికి సిద్ధంగా ఉన్నారు.

"అవ్వా, ఇది తిప్పి కట్టాలి," అన్నాను.

"యాల?"

చెప్పాను. అవ్వ విన్నది, శిరీష వైపు చూసింది, తల అడ్డంగా ఊపింది. "మా ఇంట్లో పుట్టిన బిడ్డకు నా సేత్తో ఎడమపైట యెయ్యను. అది ఏసుకున్యాదంటే మా బిడ్డ కాకుండా పోయినట్టే."

"రోజూ చుడీదారు వేసుకుంటుంది కదా?"

"దాంట్లో సున్నీ రెండు పక్కలా ఏలాడతాది. అది పైట గాదు."

సుజాత నన్ను బయటికి లాక్కెళ్ళింది. "సర్దుకో పెద్దమ్మా. హాల్లో జపాను తెలిసినవాళ్ళు ఎవరున్నారు?"

"నేనున్నాను," అన్నాను.

నిజంగానే ముందు నుయ్యి, వెనక గొయ్యి. పట్టుబట్టి తిప్పిస్తే అవ్వ ఆ సాయంత్రమే పిల్లను తీసుకుని బస్సెక్కుతుంది. తిప్పకపోతే నేను ఇన్నేళ్ళు చదివి, ప్రేమించి, రాసిన ఆడవాళ్ళను శవాలుగా నిలబెట్టినదాన్నవుతాను. మెట్ల మీద కూచున్నాను. కోపం ఎవరి మీద చూపించాలో తెలియక మా చెల్లెలికి ఫోన్ చేసి కాసేపు అరిచాను. ఆవిడ, "నాటకమే కదే అక్కా," అంది. ఇంకా మండింది.

ఫోను పెట్టేశాక, అరిచి అరిచి బుర్ర కాస్త చల్లబడ్డాక తోచింది. శవాల బట్ట కట్టింది కదా అవ్వ. అయితే వీళ్ళు చనిపోయినవాళ్ళే. హనా ఎప్పుడో చనిపోయింది, చనిపోయాక తన కథ చెబుతోంది. చివర్లో ఆమె కూచునేది ఊరి వంతెన మీద కాదు. మన వైతరణి లాగే వాళ్ళకూ చనిపోయినవాళ్ళు దాటే ఏరు ఒకటుంది, ఆ ఏటి మీది వంతెన అది. అంతకు మించి ఒక్క అక్షరం మార్చక్కర్లేదు.

లోపలికి పరిగెత్తి శిరీషకు చెప్పాను. వెంటనే పట్టుకుంది. "మొదటి మాట మా ఊరి మాటలోనే చెప్పేదా మేడం?" అని అడిగింది. చెప్పమన్నాను. మళ్ళీ అవ్వతో పేచీ. బతికున్న బిడ్డ చేత చచ్చినానని పలికిస్తావా అని ఆమె నన్ను ఎగాదిగా చూసింది. తర్వాత తనలో తనే ఏదో బేరీజు వేసుకుంది.

"కలలో సస్తే ఆయుస్సు పెరుగుతాదంటారు. ఆటలో సచ్చినా అంతే ఉంటాదిలే," అంది. కాటుక తీసి మనమరాలి చెవి వెనక చుక్క పెట్టింది.

ఆట

సాయంత్రం హాలు నిండింది. అవ్వ ముందు వరసలో కుర్చీ మీద కాళ్ళు పైకి పెట్టుకుని కూచుంది. నేను తెర పక్కన. శిరీష తెల్లరంగు పూసిన మొహంతో మధ్యకు వచ్చి నిలబడింది.

"నేను సచ్చిపోయి శానా దినాలైంది," అంది. "అందుకే నా పైట ఇట్లుండాది."

ఎక్కడో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. తండ్రి పట్నం దారిలో చెయ్యి వదిలేసిన చోటు, పేరు మార్చిన చోటు, మంచు మీద కూచుని పాట సాధన చేసిన చోటు, అన్నీ నేను రాసినవే. కానీ ఆ పిల్ల నోట నాకు కొత్తగా వినబడ్డాయి. అవ్వ మొహం వైపు చూద్దామంటే ధైర్యం చాల్లేదు.

చివరి రంగం. హనా వంతెన మీద కూచుని ఉంటుంది. దాటిపోయేవాళ్ళను ఒక్కొక్కరినీ అడుగుతుంది, మా ఊరి నుంచి ఎవరైనా వచ్చారా అని. ఉప్పు అమ్మే ఆవిడ ఎవరూ రాలేదంటుంది, వెళ్ళిపోతుంది. భిక్షువు రాలేదంటాడు. మూడోసారి ఒక ముసలమ్మ వస్తుంది. శిరీష అక్కడ నా మాట వదిలేసింది. కళ్ళెత్తి, "మా నాయన వచ్చినాడా?" అని అడిగింది.

ముసలమ్మ వేషం వేసిన పిల్ల రాలేదని చెప్పడానికి నోరు తెరిచింది.

"వచ్చినానమ్మా," అన్నాడు హాలు వెనక నుంచి ఒక మగమనిషి. "ఈడనే ఉండా."

జనం అందరూ వెనక్కి తిరిగారు. తలుపు దగ్గర, భుజం మీద కంబళితో, నారాయణప్ప నిలబడి ఉన్నాడు. వాళ్ళ భారతం ఆటల్లో కింద కూచున్నవాళ్ళు వేషగాళ్ళకు జవాబు చెప్పడం మామూలేనట. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

"ఎంతసేపైంది నాయనా వచ్చి?" అంది శిరీష. అది హనా గొంతు కాదు.

"మొదట్నించీ ఉండా తల్లీ."

ఆ పిల్ల అక్కడే, వంతెన మీదే, మొహం కప్పుకుని ఏడ్చింది. తెల్ల రంగంతా చేతులకు అంటింది. తెర వెయ్యాలా అని సుజాత సైగ చేసింది. వెయ్యమన్నాను. నేనూ ఏడుస్తున్నాను, దాచుకోవడం దేనికి.

తర్వాత వరండాలో నారాయణప్ప నా దగ్గరికి వచ్చాడు. మందను బామ్మర్దికి అప్పజెప్పి వచ్చాడట. పొగడ్తలేమీ చెప్పలేదు.

"ఆ కథలో నాయన యాల రాలేదమ్మా?"

"నేను చదివిన ఏ నవల్లోనూ రాడప్పా," అన్నాను.

తిరుగు బస్సు

మరునాడు పొద్దున నారాయణప్ప, అక్కులమ్మ, నేను పుంగనూరు బస్సెక్కాం. అవ్వ మళ్ళీ కిటికీ పక్కన కూచుని, ఈసారైనా ఏనుగు కనబడుతుందేమోనని కళ్ళు బయటికి పెట్టింది. ఆట ఎలా ఉందని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. కండక్టరు మా ఇద్దరి ఆధారు కార్డులు చూసి నారాయణప్ప వైపు తిరిగాడు. పుంగనూరు వైపువాడేనేమో, తెలిసినవాడిలా పలకరించాడు.

"ఏమప్పా, బిడ్డను తోడుకోని పోయేదానికి వచ్చినావంట. యాడ బిడ్డ?"

నారాయణప్ప టికెట్టుకు డబ్బు తీసి ఇచ్చాడు.

"ఆమెకు కాలేజీ ఉండాది," అన్నాడు.